బురద మరిచిపోని సీసం

స్విట్జర్లాండ్‌లో జూరా కొండల మధ్య ఎతాంగ్ ద లా గ్రుయేర్ అని ఒక చిత్తడి నేల ఉంది. మంచు యుగం ముగిసే కాలం నుంచీ అక్కడ నాచు పెరుగుతోంది, చస్తోంది, పూర్తిగా కుళ్లకుండానే కొత్త నాచు కింద పడి నొక్కుకుపోతోంది. అలా పేరుకున్న నల్లటి పదార్థమే పీట్. గ్రుయేర్‌లో దాని మందం ఆరున్నర మీటర్లు, వయసు సుమారు 14,500 ఏళ్లు. సగటున ఏడాదికి అర మిల్లీమీటరు కూడా పెరగలేదన్నమాట. విలియం షాటిక్ బృందం ఆ ఆరున్నర మీటర్లనూ నిలువునా పైకి తీసి, పలచటి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో సీసం ఎంతుందో కొలిచింది. ఫలితం 1998లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. గాలిలో కలిసిన సీసానికి ఇంత పొడవైన, ఎక్కడా తెగని లెక్క దొరకడం చాలా అరుదు.



1570 రెట్లు

సుమారు 9 వేల ఏళ్ల కిందటి నుంచి 6 వేల ఏళ్ల కిందటి దాకా గ్రుయేర్ మీద ఒక చదరపు మీటరుకు ఏడాదికి పడిన సీసం 0.01 మిల్లీగ్రాము. గాలిలో తేలే మామూలు ధూళితో వచ్చింది అంతే. 1979లో అదే చదరపు మీటరు మీద పడింది 15.7 మిల్లీగ్రాములు. 1570 రెట్లు! ఆ చిత్తడి చరిత్ర మొత్తంలో అదే అత్యధికం.

ఈ రెండు అంకెల మధ్య జరిగింది మనిషి చరిత్రే. సుమారు 6 వేల ఏళ్ల కిందట అడవులు కొట్టి దుక్కి దున్నడం మొదలైంది. నేల కోతకు గురై దుమ్ము లేచింది, దుమ్ముతో పాటు సీసమూ కాస్త పెరిగింది. 3 వేల ఏళ్ల పైచిలుకు కిందట మాత్రం లెక్క తీరు మారింది. మట్టి దుమ్ములో సీసంతో పాటు స్కాండియం అనే మరో మూలకం కూడా ఉంటుంది. దుమ్ము ఎక్కువైతే రెండూ కలిసే పెరగాలి. ఆ పొర నుంచి పైకి సీసం పెరిగింది గానీ స్కాండియం పెరగలేదు. తోడు లేకుండా వచ్చిన ఆ సీసం గనుల నుంచి, కొలుముల నుంచి వచ్చింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆ చిత్తడి మీద పడిన సీసంలో ప్రకృతి వాటా కన్నా మనిషి వాటాయే పెద్దది.

ఈ రికార్డులో అందరూ 1570 అనే అంకెనే గుర్తుపెట్టుకుంటారు. నాకు దాని పైన ఉన్న పొరలు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. 1979 తరవాత సీసం తగ్గుతూ వచ్చింది. కార్ల పెట్రోలులో సీసం తగ్గించడం, పొగగొట్టాలకు వడపోతలు బిగించడం వంటి నిర్ణయాలు ఎక్కడో కార్యాలయాల్లో కాగితం మీద జరిగాయి. కొండ మీది నాచు వాటినీ నమోదు చేసింది. మనిషి దిద్దుబాటు కూడా బురదలో కనిపిస్తుంది.

వాన తప్ప దారి లేని నేల

ప్రతి బురదా ఇలా లెక్క చెప్పదు. గ్రుయేర్ లాంటి పీట్ నేలలు చుట్టుపక్కల నేల కంటే కాస్త ఎత్తుగా ఉబ్బి ఉంటాయి. వాగు నీళ్లు ఎక్కలేవు, ఊట నీళ్లు పైదాకా రాలేవు. అక్కడి స్ఫాగ్నం నాచుకు నీళ్లయినా, ఖనిజాలయినా ఆకాశం నుంచే రావాలి. అందుకే పైనుంచి పడ్డ ప్రతి లోహపు రేణువూ గాలి తెచ్చిందేనని ధైర్యంగా చెప్పవచ్చు. లోపల నీరు పులుపు, ఆక్సిజన్ దాదాపు ఉండదు, సూక్ష్మజీవులు మెల్లగా పనిచేస్తాయి. సీసం ఆ సేంద్రియ పదార్థానికి గట్టిగా అంటుకుని, పడ్డ పొరలోనే ఉండిపోతుంది.

మన కొల్లేరు లాంటి చోట పని ఇంత సులువు కాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు అందులో కలుస్తాయి. పొలాల మట్టి, ఊళ్ల మురుగు, గాలి తెచ్చిన ధూళి ఒకే చోట చేరతాయి. అక్కడి బురదలోనూ చరిత్ర ఉంటుంది. కాకపోతే ఏది గాలి వాటా, ఏది నీటి వాటా అని విడదీయడానికి రెట్టింపు శ్రమ కావాలి.

మొదటి మచ్చ ఎవరిది?

యూరప్‌లో అతి పాత సీసం కాలుష్యం అనే రికార్డుకు ఇప్పుడు ఇద్దరు పోటీదారులు ఉన్నారు, ఇద్దరివీ పీట్ నేలలే. సెర్బియాలోని క్రవేని పోటోక్ చిత్తడి నుంచి తీసిన పీట్‌లో క్రీస్తుపూర్వం 3600 నాటికే సీసం పెరుగుదల కనిపిస్తోందని 2018లో ఒక బృందం ప్రకటించింది. బాల్కన్ కొండల్లో రాగి, వెండి, సీసం కరిగించిన వాళ్ల పొగ అది. 2025లో మరో బృందం ఉత్తర గ్రీసులోని తెనాఘి ఫిలిప్పన్ పీట్‌ను, ఏజియన్ సముద్రపు అడుగు బురదను కలిపి చదివి, ఆ ప్రాంతంలో సుమారు 5,200 ఏళ్ల కిందటే సీసం జాడ ఉందని చెప్పింది. గ్రీసు లెక్కలో మరో విశేషం కూడా ఉంది. సుమారు 2,150 ఏళ్ల కిందట, రోమన్లు గ్రీసును గెలిచిన కాలంలో, సీసం ఒక్కసారిగా ఎగబాకింది. సైన్యం వెళ్లాక గనులవాళ్లు వెళ్లారు.

ఈ తేదీలను బట్టి సెర్బియాదే ముందు, అయినా వాదన ఇంకొన్నాళ్లు నడుస్తుంది. రెండు జట్లూ ఒక విషయంలో ఏకీభవిస్తాయి: ఇనుము రాకముందే, చక్రవర్తులు పుట్టకముందే కొలిమి పొగ దూరపు కొండల మీద పడింది.

పాదరసం లెక్క ఇంకా వింతైనది. స్పెయిన్ వాయవ్య మూలలో పెనిదో వెల్యో అనే పీట్ నేల ఉంది. దాని నుంచి నాలుగు వేల ఏళ్ల పాదరసం చరిత్రను మార్తినెజ్ కోర్తిజాస్ బృందం 1999లో ప్రచురించింది. చలి ఎక్కువైన శతాబ్దాల్లో పాదరసం ఎక్కువ నిలిచిందట, ఎండ కాలాల్లో తేలిగ్గా ఎగిరిపోయిందట. అంటే ఆ పీట్ లోహంతో పాటు వాతావరణాన్నీ రాసుకుంది. సుమారు 2,500 ఏళ్ల కిందటి నుంచి పైపొరల్లో మనిషి వాటా కలుస్తుంది. అదే స్పెయిన్‌లోని అల్మదేన్ గనుల్లో సింధూరపు రాయిని తవ్వడం మొదలైన కాలం అది.

రోమ్ పొగ, శాతవాహన నాణెం

యూరప్ పీట్‌లోనూ గ్రీన్‌లాండ్ మంచులోనూ పారిశ్రామిక విప్లవానికి ముందు కనిపించే పెద్ద ఉబ్బుల్లో ఒకటి రోమన్లది. వెండి కోసం గలీనా అనే సీసపు రాయిని కరిగించారు, స్పెయిన్ గనులు అందులో ముఖ్యం. గ్రీన్‌లాండ్‌కు ఎగిరి వచ్చిన సీసం క్రీస్తుపూర్వం 500 నుంచి క్రీస్తుశకం 300 మధ్య సహజ స్థాయికి నాలుగు రెట్లకు చేరిందని 1994లో లెక్క తేలింది. 2018లో జోసెఫ్ మెక్‌కానెల్ బృందం అక్కడి మంచును ఏడాది ఏడాదిగా చదివింది. యుద్ధాలు వస్తే సీసం పడిపోవడం, శాంతి కుదిరితే పెరగడం కనిపించింది. క్రీస్తుశకం 165లో మొదలైన ఆంటొనైన్ మహమ్మారి తరవాత సీసం కుప్పకూలి చాలా కాలం లేవలేదు. 2025లో అదే బృందం మరో అడుగు ముందుకు వేసి, ఆ గాలి పీల్చిన రోమన్ సామ్రాజ్యపు పిల్లల తెలివితేటల సూచీ సగటున 2.5 నుంచి 3 పాయింట్లు తగ్గి ఉంటుందని అంచనా కట్టింది.

రోమన్ సామ్రాజ్యంలో వెండి కోసం సీసం పొగ లేస్తున్న ఆ శతాబ్దాల్లోనే గోదావరి ఒడ్డున శాతవాహనులు సీసంతో డబ్బు కొట్టారు. ప్రపంచంలో సీసపు నాణేలను అంత విరివిగా వాడిన రాజవంశాలు తక్కువ. రాగి, పోటిన్ అనే మిశ్రమలోహం, కొద్దిగా వెండి నాణేలతో పాటు, ఏనుగు, ఉజ్జయిని గుర్తు వేసిన బరువైన సీసం బిళ్లలు దక్కనంతా చలామణి అయ్యాయి. హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి వెళ్లినవాళ్లు నాణేల గదిని పైపైన చూసి వచ్చేస్తారు. ఆ నాణేలు దొరికిన కోటిలింగాల, పెద్దబంకూరు, ధూళికట్ట పేర్లు అక్కడ ఆగి చదవవలసినవి.

ఆ సీసం ఎక్కడిది? భారతదేశంలో రాగీ సీసమూ లేవని, రత్నాలూ ముత్యాలూ ఇచ్చి తెచ్చుకుంటారని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. ఎర్ర సముద్రపు వర్తకుల కోసం గ్రీకులో రాసిన ‘పెరిప్లస్’ కూడా భరుకచ్ఛం (నేటి భరూచ్) రేవులో దిగే సరుకుల్లో సీసాన్ని చేర్చింది. సీసం లేదన్న ప్లీనీ మాట మాత్రం తప్పు. పల్నాడులో అగ్నిగుండాల దగ్గర సీసం, రాగి రాయి ఉంది. మన కాలంలో బండ్లమొట్టు దగ్గర హిందుస్థాన్ జింక్ సీసం గని నడిపింది. కడప జిల్లాలో జంగంరాజుపల్లె దగ్గరా సీసం, జింకు ఉన్నాయి. ఒక నాణెంలోని సీసం స్పెయిన్‌దో పల్నాడుదో తేల్చే ఉపాయం ఒకటి ఉంది. పీట్‌ను చదివేవాళ్లు వాడేదీ అదే.

సీసంలో నాలుగు స్థిరమైన ఐసోటోపులు ఉంటాయి. 204 భూమి పుట్టినప్పటిది. 206, 207 యురేనియం క్షీణించగా వచ్చేవి, 208 థోరియం నుంచి వచ్చేది. రాయి ఎంత పాతది, అందులో యురేనియం ఎంత ఉండేది అన్న దాన్ని బట్టి 206, 207ల నిష్పత్తి గనికో రకంగా ఉంటుంది. కరిగించినా, కాల్చినా, పొగ చేసినా ఆ నిష్పత్తి మారదు. యూరప్ సహజ ధూళిలో అది సుమారు 1.20. ఆస్ట్రేలియాలో 1883లో బయటపడ్డ బ్రోకెన్ హిల్ గని సీసంలో 1.04. ఆ ఖనిజం ఓడలెక్కి యూరప్ చేరాక, అక్కడి చిత్తడి నేలల్లో నిష్పత్తి కిందికి దిగడం మొదలైంది. భూగోళానికి అటు చివర తవ్విన రాయి ఇటు చివరి నాచులో తేలిందంటే, కాలుష్యానికి సరిహద్దుల్లేవన్న మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

సీసం దాదాపు మాయమైన ఏళ్లు

మనిషి గాలిలోకి సీసం దాదాపు వదలని ఏళ్లు గత రెండు వేల ఏళ్లలో ఉన్నాయా అంటే, యూరప్‌లో ఒక్క చిన్న వరస ఉంది: 1349 నుంచి 1353. ఆల్ప్స్‌లోని కోల్ నిఫెట్టి హిమానీనదం మంచును లేజరుతో చదివిన బృందం 2017లో ఈ సంగతి చెప్పింది. ప్లేగు యూరప్ జనాభాలో మూడో వంతుకు పైగా తుడిచిపెట్టిన ఏళ్లవి. గని తవ్వేవాడు లేడు, కొలిమి ఊదేవాడు లేడు. ‘సహజ స్థాయి’ అని మనం అనుకుంటూ వచ్చిన సీసం సహజం కాదని, శతాబ్దాలుగా అలవాటైన కాలుష్యమేనని ఆ నాలుగైదేళ్ల పొర చెప్పింది. ఈ రికార్డుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

దక్షిణ అమెరికా మంచులోనూ మనిషి జాడ ఇలాగే కనిపిస్తుంది. 1545లో పొటోసీ వెండి కొండ బయటపడింది. తరవాతి దశాబ్దాల్లో అక్కడి నుంచి లేచిన లోహపు ధూళి 800 కిలోమీటర్ల దూరంలో, పెరూలోని కెల్కాయా మంచు మీద పడింది. ఆ కాలపు పొరల్లో సీసం నేటికీ ఉంది.

తెలంగాణను మించిన పీట్

లోహాలను కాసేపు పక్కన పెడితే, ప్రపంచ ఉష్ణమండలంలో అతిపెద్ద పీట్ నేల కాంగో నది పరీవాహకంలో ఉంది. అడవి కింద దాగిన దాని పరిమాణం 2017 దాకా లోకానికి తెలియదు. గ్రెటా డార్గీ, సైమన్ లూయిస్, వారి కాంగో సహచరులు మోకాలి లోతు బురదలో నడిచి కొలిస్తే 1,45,500 చదరపు కిలోమీటర్లు తేలింది. తెలంగాణ మొత్తం 1,12,077 చదరపు కిలోమీటర్లు. ఆ పీట్‌లో సుమారు 3 వేల కోట్ల టన్నుల కార్బన్ ఉందని వారి అంచనా.

మనకు దగ్గరి పీట్ అంటే నీలగిరులే. ఊటీ దగ్గరి లోయల్లోని పీట్‌ను చదివి, ఆర్. సుకుమార్, ఆర్. రమేశ్ తదితరులు 20 వేల ఏళ్ల రుతుపవనాల చరిత్రను 1993లో ‘నేచర్’లో ప్రచురించారు. వాళ్లు వెతికింది లోహాల కోసం కాదు, కార్బన్ ఐసోటోపుల కోసం. గడ్డి ఎక్కువున్న ఎండు కాలాలు, చెట్లు ఎక్కువున్న తడి కాలాలు ఆ పీట్‌లో విడివిడిగా కనిపించాయి.

హైదరాబాద్‌లో పీట్ లేదు. ఇక్కడ ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు, దాని మీద పలచటి మట్టి, నడి వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ. నాచు పేరుకునే నేల కాదు. కానీ ఈ రాతి మీద జనం అయిదారు వందల ఏళ్లుగా కట్టలు వేసి నీళ్లు నిలిపారు. ఆ నీళ్ల అడుగున ఏటా ఒక పొర దిగుతూ వచ్చింది.

యూసుఫ్‌గూడ చెరువు

కృష్ణకాంత్ పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లలో పాతవాళ్లకు తెలుసు, అది ఒకప్పటి చెరువు. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, వెంగళరావునగర్ చుట్టూ పెరిగాయి, చెరువు ఎండింది, పూడింది, పార్కయింది. ఇదొక్కటే కాదు. మాసాబ్‌ట్యాంక్ పేరులో ట్యాంకు మిగిలింది, నీళ్లు లేవు. చెరువు పోయినా వాన నీళ్లు తమ పాత దారిని మరిచిపోవు. గట్టి వాన పడితే కృష్ణానగర్ వీధుల్లో బైకులు కొట్టుకుపోవడం ఏటా టీవీలో చూస్తున్నాం.

నీటి కరువు, వరద ముంపు గురించి ఈ నగరంలో అందరూ మాట్లాడతారు. చెరువుతో పోయిన మూడో వస్తువు గురించి ఎవరూ మాట్లాడరు. అది పూడిక. అమీర్‌పేట, పంజాగుట్ట చౌరస్తాల మీదుగా దశాబ్దాలుగా నడిచిన వాహనాల పొగ, బ్రేకుల దుమ్ము, మెకానిక్ షెడ్ల ముందు ఒలికిన నూనె, పాత బ్యాటరీల పొడి, గోడల రంగుల పెచ్చులు, అన్నీ వానతో కడుక్కుపోయి పల్లానికి చేరతాయి. పల్లంలో చెరువు ఉంటే అడుగున పొరలు పొరలుగా దిగుతాయి. చెరువు లేకపోతే నాలాలో కలిసి కింది చెరువుకు పోతాయి, లేదా అక్కడే రోడ్డు పక్కన ఎండి మళ్లీ దుమ్మై లేస్తాయి. మన పిల్లల ముక్కుల్లోకి వెళ్లే దుమ్ములో అది కూడా ఉంటుంది.

హుస్సేన్ సాగర్ అడుగున ఏముండాలి

నగరంలో ఈ లెక్కకు అందరికన్నా పెద్ద పుస్తకం హుస్సేన్ సాగర్. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు. హైదరాబాద్ నగరం కన్నా సుమారు 30 ఏళ్లు పెద్దది. అంటే నగరం పుట్టకముందు ఇక్కడి గాలీ మట్టీ ఎలా ఉండేవో దాని అట్టడుగు పొరలో ఉండాలి. గ్రానైటులో సహజంగానే కొంత సీసం, కొంత యురేనియం ఉంటాయి. ఆ అడుగు పొర లేకపోతే, పైపొరల్లో దొరికిన సీసంలో రాయి వాటా ఎంత, మనిషి వాటా ఎంత అన్నది చెప్పలేం.

అక్కడి నుంచి పైకి వస్తే ఏయే గుర్తులు రావాలో నగర చరిత్రే చెబుతుంది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు వచ్చింది, బొగ్గు ఇంజన్ల పొగ వచ్చింది. 1920లో చెరువు ఒడ్డునే హుస్సేన్ సాగర్ థర్మల్ విద్యుత్ కేంద్రం మొదలైంది. అది 1983 దాకా నడిచింది, 1995లో కూల్చేశారు. ఇప్పుడు ప్రసాద్స్ మల్టీప్లెక్స్, ఎన్టీఆర్ గార్డెన్స్ ఉన్న వైపు అది. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, సీసం, పాదరసం, సెలీనియం కొద్ది కొద్దిగా ఉంటాయి. అరవై ఏళ్ల బొగ్గు పొగ నీటి పక్కనే లేచిందంటే, నీటి అడుగున దాని పొర ఉండాలి. 1942లో సనత్‌నగర్‌లో ఆల్విన్ కర్మాగారం, 1960లలో బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం, తరవాత జీడిమెట్ల పారిశ్రామిక వాడ వచ్చాయి. వీటన్నిటి మురుగు పారింది కూకట్‌పల్లి నాలాలో, నాలా వచ్చి కలిసేది ఈ చెరువులోనే. జింకు, క్రోమియం, నికెల్, రాగి, కాడ్మియం లాంటివి ఈ పొరల్లో వెతకాలి. వినాయక విగ్రహాల రంగుల్లోని లోహాలు పైపొరలవి. నాలా తెచ్చిన దానితో పోలిస్తే వాటిది చిన్న వాటాయే అయినా, ఏటా ఒకే తిథుల్లో పడేవి కాబట్టి అవి మంచి గుర్తులు.

ఇక్కడ ఒక చిక్కుంది. పీట్ నాచు కదలకుండా ఉంటుంది, చెరువు అడుగు అలా కాదు. డ్రెడ్జర్లు తవ్వాయి. 1990 మార్చిలో బుద్ధ విగ్రహం పడవ మీద నుంచి జారి అడుగుకు చేరింది, 1992 చివరికి గానీ రాతి పీఠం మీద నిలబడలేదు. దాన్ని పైకి తీసిన చోట పొరలు కలగాపులగం. కాబట్టి ఎక్కడ పడితే అక్కడ గొట్టం దించితే లాభం లేదు. ముందు కదలని చోటు వెతకాలి.

నేల మీది లెక్క మాత్రం నగరానికి కొత్త కాదు. హబ్సిగూడలోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామిక వాడల మట్టిని తీసి, ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ యంత్రంలో పెట్టి, ఏ లోహం ఎంతుందో ఏళ్ల కిందటే ప్రచురించారు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది, తరవాత అది హైకోర్టుకు, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు నడిచింది. అలాంటి కేసుల్లో ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఒకటే: ఈ లోహం ఎప్పటి నుంచి ఉంది, ఎవరి నుంచి వచ్చింది? పైమట్టి ‘ఎంత’ అని మాత్రమే చెబుతుంది. ‘ఎప్పటి నుంచి’ అన్నది పొరలున్న బురదే చెప్పగలదు.

పెట్రోలు గీసిన గీత

ప్రపంచంలోని బురదలన్నిటిలో దాదాపు ఒకేలా కనిపించే గుర్తు పెట్రోలు సీసం. ఇంజన్ కొట్టుకోకుండా పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలపవచ్చని థామస్ మిడ్జ్‌లీ 1921లో కనిపెట్టాడు. 1923 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటన్‌లో తొలిసారి అమ్మారు. చివరి దేశం అల్జీరియా 2021 జులైలో ఆపింది. 98 ఏళ్లు! ఒకే రసాయనం, ఒకే ఉపయోగం, ఇన్ని దేశాల గాలి. ఇంత విస్తారమైన సీసం కాలుష్యం మరొకటి లేదనే నా అభిప్రాయం.

దీని మీద అలుపు లేకుండా పోరాడినవాడు క్లెయిర్ పాటర్సన్. ఉల్కలోని సీసం ఐసోటోపులతో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చింది ఆయనే. ఆ కొలత కోసం ప్రయోగశాలను ఎంత శుభ్రం చేసినా ఎక్కడి నుంచో సీసం వచ్చి పడుతుండేది. అది గాలిలోనే ఉందని గ్రహించాడు. 1960లలో గ్రీన్‌లాండ్ మంచును కరిగించి, సీసం ఎలా పెరిగిందో చూపించాడు.

మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరాలతో మొదలైంది. ఆ జాబితాలో హైదరాబాద్ లేదు. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగింది. దానికి కాస్త ముందు, 1990ల చివర, జార్జ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ హైదరాబాద్ సహా పలు నగరాల్లో పిల్లల రక్తం పరీక్షిస్తే సగానికి పైగా పిల్లల్లో సీసం డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటింది. అప్పట్లో భయపడవలసిన గీత అదే. ఇప్పుడు ఏ స్థాయీ సురక్షితం కాదంటున్నారు. ఇళ్ల గోడల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అమీర్‌పేట బస్టాపులో 1980లలో, 90లలో నిలబడ్డ తరం పిల్లలు ఇప్పుడు నడివయసు వాళ్లు. వాళ్ల ఎముకల్లో ఆ పెట్రోలు సీసం ఇంకా కొంత ఉంటుంది. ఎముకల్లో చేరిన సీసం దశాబ్దాల పాటు పోదు.

పొర వయసు చెప్పే గడియారం

బురదలో పొర తీశాక అది ఏ ఏటిదో తెలియాలి. వేల ఏళ్లయితే కార్బన్-14 ఉంది. నిన్నమొన్నటి శతాబ్దానికి వాడేది సీసమే, కాకపోతే రేడియోధార్మిక సీసం-210. నేలలోంచి రేడాన్ వాయువు పైకి లేస్తుంది, గాలిలో క్షీణించి సీసం-210 అవుతుంది, వానతో, దుమ్ముతో కిందికి దిగి బురదలో చేరుతుంది. అక్కడ సుమారు 22 ఏళ్లకోసారి సగం అవుతూ పోతుంది. ఎంత మిగిలిందో కొలిస్తే పొర వయసు తెలుస్తుంది. విష సీసం ఎప్పుడు పడిందో చెప్పేది దాని తోబుట్టువే అన్నమాట! సరిచూసుకోవడానికి మరో గుర్తు కూడా ఉంది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో సీజియం-137 అత్యధికంగా పేరుకుని నేల మీద పడిన ఏడాది 1963. ఆ పొర ప్రపంచంలో చాలా చోట్ల దొరుకుతుంది.

ఇలాంటి కొలతలకు కావలసిన పరికరాలు, చేతులు ఈ నగరంలోనే ఉన్నాయి. బేగంపేటలో అణు ఖనిజాల డైరెక్టరేట్, హబ్సిగూడలో ఎన్‌జీఆర్ఐ, బండ్లగూడలో భారత భూగర్భ సర్వేక్షణ, ఈసీఐఎల్ దగ్గర బార్క్ వారి పదార్థ విశ్లేషణ కేంద్రం. దేశంలో ఒకే ఊళ్లో ఇన్ని లోహ ప్రయోగశాలలు ఉన్న చోట్లు అరుదు. లేనిది తవ్వకానికి ముందు ఒక గొట్టం మట్టి తీసి దాచాలన్న నిబంధన. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో తెలంగాణ చెరువుల పూడిక బండ్లకెక్కి పొలాలకు వెళ్లింది. పల్లె చెరువు పూడిక పొలానికి బలం, అందులో తప్పేమీ లేదు. ఫ్యాక్టరీల కింది చెరువు పూడిక ఆ పని చేయదు. 2025లో అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంటను ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్విస్తే నీళ్లు ఊరాయి, నగరం సంతోషించింది. అలాంటి ప్రతి తవ్వకంలోనూ ముందు రెండంగుళాల గొట్టం ఒకటి దించి, పొరలు చెదరకుండా తీసి, చలిపెట్టెలో దాచడానికి పట్టేది ఒక్క పూట పని.

సీసం-210 గడియారం సుమారు 150 ఏళ్ల దాకానే సరిగా నడుస్తుంది. అంతకన్నా పాత పొరల్లో అది కొలవలేనంత తక్కువ మిగులుతుంది. 1874లో తొలి రైలు పొగ వదిలినప్పటి హుస్సేన్ సాగర్ పొర ఇప్పుడు ఆ గడియారం అంచున ఉంది.